జనన ధ్రువపత్రానికి ఏ ఆఫీసు మెట్లు ఎక్కాలి? విజయవాడ, గుంటూరు వాసుల కోసం ఒక పోలిక

విజయవాడలో బర్త్ సర్టిఫికెట్ ఎక్కడ ఇస్తారని నలుగురిని అడిగితే నాలుగు సమాధానాలు వస్తాయి. కెనాల్ రోడ్డులోని కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లక తప్పదని ఒకరు అంటారు. వీధి చివర ఉన్న సచివాలయంలోనే పని అయిపోతుందని మరొకరు చెబుతారు. మీసేవలో రుసుము కడితే చాలని ఇంకొకరు, ఇప్పుడంతా వాట్సాప్‌లోనే వస్తోందని నాలుగోవారు భరోసా ఇస్తారు. వీరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరికి ఎక్కడ పని జరిగిందో వారు ఆ దారినే చెబుతున్నారు. అయితే వారి బిడ్డ వివరాలు రిజిస్టరులో ఉన్న తీరు వేరు, మీ బిడ్డ వివరాలు ఉన్న తీరు వేరు కావచ్చు.

అందువల్ల ఏ ఆఫీసు దగ్గర, ఎక్కడ రద్దీ తక్కువ అన్న లెక్కతో మొదలుపెట్టవద్దని నా సలహా. జనన రిజిస్టరులో మీ బిడ్డకు సంబంధించిన నమోదు ఏ స్థితిలో ఉందో ముందుగా తెలుసుకోవాలి. అన్ని వివరాలతో సక్రమంగా ఉందా, పేరు లేకుండా ఉందా, తప్పులతో ఉందా, లేక అసలు నమోదే జరగలేదా? ఈ నాలుగింటికీ దారులు వేరు. మొదటి దానికి తీసుకోవలసిన దారిలో నాలుగో రకం వారు వెళితే నెలలు గడిచినా పని కాదు.

ముందు ఊరు తేల్చుకోవాలి

జననాన్ని నమోదు చేసేది బిడ్డ పుట్టిన చోటే కానీ తల్లిదండ్రులు కాపురం ఉండే చోట కాదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం జననం ఎవరి పరిధిలో జరిగిందో ఆ రిజిస్ట్రారే దాన్ని నమోదు చేయాలి. వినడానికి ఇది చిన్న సంగతిలా ఉన్నా మన ప్రాంతంలో చిక్కులన్నీ ఇక్కడే మొదలవుతాయి, ఎందుకంటే మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. అత్తవారిది విజయవాడ, ఉద్యోగం హైదరాబాదులో, కాన్పు మాత్రం తెనాలిలో జరిగి ఉంటుంది. అయిదారేళ్ల తరువాత బడిలో సర్టిఫికెట్ అడిగినప్పుడు తండ్రి హైదరాబాదులో తిరుగుతాడు, తాత విజయవాడ కార్పొరేషన్‌లో వాకబు చేస్తాడు. రికార్డు మాత్రం తెనాలి మున్సిపాలిటీలో ఉంటుంది.

విజయవాడ చుట్టూ ఎక్కడ నగరం ముగిసి ఎక్కడ పక్క ఊరు మొదలవుతుందో కంటికి తెలియదు. కృష్ణ దాటి తాడేపల్లి వైపు ఆసుపత్రిలోనో, మంగళగిరి ఎయిమ్స్‌లోనో కాన్పు జరిగితే, ఇల్లు బెంజి సర్కిల్‌లో ఉన్నా సరే, ఆ నమోదుకు విజయవాడ కార్పొరేషన్‌తో సంబంధం లేదు. అది గుంటూరు జిల్లాలోని మంగళగిరి తాడేపల్లి నగరపాలక సంస్థ పరిధి. ఆ సంస్థ ఏర్పడింది 2021లో కాబట్టి అంతకు ముందు పుట్టినవారు అప్పట్లో ఆ చోటు ఏ మున్సిపాలిటీలో లేదా ఏ పంచాయతీలో ఉండేదో కూడా చెప్పవలసి ఉంటుంది. కానూరు, పోరంకి, యనమలకుదురు కూడా ఒకప్పుడు పంచాయతీలే, తరువాత తాడిగడప మున్సిపాలిటీలో కలిశాయి. పటమట, గుణదల, భవానీపురం 1985లో విజయవాడ కార్పొరేషన్‌లో కలిశాయి. గుంటూరు విషయానికి వస్తే గోరంట్ల, నల్లపాడు, ఏటుకూరు, బుడంపాడు, చౌడవరం వంటి పది గ్రామాలు 2012లో కార్పొరేషన్‌లో చేరాయి. కనుక 1990లలో గోరంట్లలో ఇంటి దగ్గరే పుట్టినవారి వివరాలు అప్పటి గ్రామ పంచాయతీ పుస్తకంలో రాసి ఉంటాయి. కార్పొరేషన్‌లో అడిగేటప్పుడు పుట్టిన తేదీతో పాటు పాత పంచాయతీ పేరు కూడా చెబితేనే ఆ పుస్తకం వెతకడానికి వీలవుతుంది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారడం వల్ల ఎన్‌టీఆర్, పల్నాడు, బాపట్ల అన్న కొత్త పేర్లు వచ్చాయి. మున్సిపాలిటీ, పంచాయతీ రిజిస్టర్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. పాత పత్రంలో కృష్ణా జిల్లా అని, కొత్త ఆధారులో ఎన్‌టీఆర్ జిల్లా అని ఉండడం తప్పు కాదు, దాన్ని సరిచేయించుకోవడానికి తిరగనక్కరలేదు.

రైలులోనో అంబులెన్సులోనో పుడితే ఎలా అని కొందరు అడుగుతుంటారు. విజయవాడ వంటి జంక్షన్‌లో ఈ ప్రశ్న సహజమే. వాహనం మొదట ఆగిన చోట ఆ జననం గురించి తెలియజేయవలసిన బాధ్యతను చట్టం వాహనానికి బాధ్యులైన వారి మీద పెట్టింది.

మొదటి ఇరవై ఒక్క రోజులు: పేరుతో నమోదా, పేరు లేకుండానా

ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ గురించి రిజిస్ట్రారుకు తెలియజేయవలసింది ఆసుపత్రే. ఇంటి దగ్గర పుడితే ఆ బాధ్యత ఇంటి పెద్దది. గడువు 21 రోజులు. ఆలోగా నమోదైతే ఏ రుసుమూ లేదు, మొదటి ధ్రువపత్రం కూడా ఉచితమే. 2023లో చట్టాన్ని సవరించిన తరువాత, నమోదు పూర్తయిన ఏడు రోజులలోగా రిజిస్ట్రారు ఆ పత్రాన్ని ఇవ్వాలి. డిశ్చార్జి రోజున ఆసుపత్రి వారు బిడ్డ పాదముద్రతో అందంగా ఇచ్చే కార్డును చాలామంది బర్త్ సర్టిఫికెట్ అనుకొని బీరువాలో దాచుకుంటారు. అది జ్ఞాపకంగా దాచుకోదగిందే కానీ, ప్రభుత్వ పత్రంగా చెల్లదు.

మన ఇళ్లలో బారసాల తరచుగా ఇరవై ఒకటో రోజునే చేస్తారు. పేరు అప్పటికి కానీ ఖాయం కాదు, పెద్దలు ఖాయం కానివ్వరు కూడా. దాంతో పేరు పెట్టాక వివరాలన్నీ ఒకేసారి ఇద్దామని ఆసుపత్రి వారిని ఆగమనే తల్లిదండ్రులు ఉన్నారు. ఇది మంచి ఎంపిక కాదు. పేరు లేకుండా జననాన్ని నమోదు చేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. తరువాత 12 నెలలలోగా పేరు చేర్పిస్తే రుసుము లేదు, ఆపైన 15 సంవత్సరాల వరకు స్వల్ప రుసుముతో చేర్పించవచ్చు. పేరు ఆలస్యమైతే దాటేది ఉచిత గడువు మాత్రమే. నమోదే ఆలస్యమైతే మీరు వేరే దారిలో పడతారు, ఆ దారి సంగతి చివరలో చెబుతాను.

పదిహేనేళ్ల వెసులుబాటు ఉంది కదా అని ఊరుకోవడం కూడా నేను సలహా ఇవ్వను. పేరు లేని పత్రం ఎలా ఉంటుందో చూసినవారికి కారణం తెలుస్తుంది. కౌంటరులో గుమాస్తా తెర మీద వివరాలు తెరిచినప్పుడు బిడ్డ పేరు ఉండవలసిన గడి ఖాళీగానో, 'బేబీ ఆఫ్' అన్న మాట, దాని వెనక తల్లి పేరుతోనో ఉంటుంది. బిడ్డకు పదేళ్లు వచ్చాక పేరు చేర్చాలంటే ఈలోగా ఆధారులో ఒక తీరుగా, బడి రికార్డులో మరొక తీరుగా పేరు పడిపోయి ఉంటుంది. ఏది చేర్చాలన్న ప్రశ్న అప్పుడు వస్తుంది. బారసాల అయిన వారంలోనే పేరు చేర్పిస్తే మిగిలిన కాగితాలన్నీ దీన్ని చూసి తయారవుతాయి.

ఒకసారి చేర్చిన పేరును మార్చడం ఈ నమోదులో సులువు కాదని గుర్తుంచుకోవాలి. అక్షర దోషాన్ని దిద్దుతారు కానీ, జ్యోతిష్యులు మరో అక్షరంతో పెట్టమన్నారనో, వ్యవహార నామం నచ్చలేదనో పేరునే మార్చరు. ఇంటిపేరును పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించడం మంచిది. మనం ఇంటిపేరును ముందు రాస్తాం, పాస్‌పోర్టు దరఖాస్తులో దానికి విడిగా గడి ఉంటుంది. సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే ఉంటే ఆ గడిలో ఏమి రాయాలో తెలియక కుటుంబాలు తికమకపడుతుంటాయి.

తల్లి పేరు విషయంలో మా ఇంట్లోనే ఒక పొరపాటు జరిగింది. మా చెల్లెలి మొదటి కాన్పు గుంటూరులో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో జరిగింది. వివరాలు రాసుకోవడానికి వచ్చినవారికి మా అమ్మ అలవాటుగా కూతురి ముద్దుపేరు, దాని ముందు మా ఇంటిపేరు చెప్పింది. వారు ఆధారు కార్డు అడగలేదు, విన్నది విన్నట్టు రాసుకున్నారు, అదే రిజిస్టరుకు వెళ్లింది. అయిదేళ్ల తరువాత పాప పాస్‌పోర్టు కోసం పత్రం తీసి చూస్తే తల్లి పేరులో ఒక్క మాట కూడా చెల్లెలి ఆధారుతో కలవలేదు. ఆసుపత్రి నింపే జనన నివేదిక ఫారం మీద సంతకం పెట్టే ముందు దాన్ని మీ చేతిలోకి తీసుకొని, తల్లిదండ్రులిద్దరి ఆధారు కార్డులు పక్కన పెట్టుకొని అక్షరం అక్షరం చదవండి. ఆ పది నిమిషాలు మా వాళ్లు వెచ్చించి ఉంటే తరువాత మూడు ప్రయాణాలు తప్పేవి.

రికార్డు సక్రమంగా ఉంటే: నాలుగు దారుల పోలిక

నమోదు ఉంది, పేరు ఉంది, తప్పులు లేవు, మీకు కావలసింది ప్రతి మాత్రమే అయితే దగ్గరగా ఉన్న దారే మంచి దారి. రాష్ట్రంలో 2019 అక్టోబరు 2న మొదలైన వార్డు సచివాలయాలు ఇటువంటి పనికి బాగా ఉపయోగపడతాయి. దరఖాస్తు అక్కడే నింపుతారు, రసీదు ఇస్తారు, తెలిసిన మనుషులు ఉంటారు కాబట్టి మళ్లీ వెళ్లి అడగడానికి మొహమాటం ఉండదు. ఇంట్లో పెద్దవారు స్వయంగా వెళ్లవలసి వస్తే నేను ఈ దారినే చెబుతాను.

మీసేవ కేంద్రం పనివేళలు ఉద్యోగస్తులకు అనుకూలంగా ఉంటాయి. దరఖాస్తు నమోదు చేసి రసీదు ఇవ్వడం వరకే కేంద్రం నడిపేవారి పని, నిర్ణయం రిజిస్ట్రారుదే. అందువల్ల దరఖాస్తు తిరస్కరణకు గురైతే ఎందుకైందో వారు వివరించలేరు. నిర్ణీత రుసుము రసీదు మీద అచ్చయి ఉంటుంది. దానికి మించి అడిగితే ఇవ్వనక్కరలేదు.

2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవ మరో దారి. 95523 00009 నంబరుకు సందేశం పంపితే సేవల జాబితా వస్తుంది. ఫోనుతో పనిచేయడం అలవాటున్నవారికి, ముఖ్యంగా హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండి గుంటూరు రికార్డు కావలసినవారికి మొదట ప్రయత్నించదగిన దారి ఇది. రికార్డు దొరికితే ప్రయాణం తప్పుతుంది. దొరకకపోతే మాత్రం నమోదు లేదని తీర్మానించుకోవద్దు. పాత నమోదులలో కంప్యూటరులోకి ఎక్కనివి, ఎక్కించేటప్పుడు ఇంటిపేరు అక్షరాలు మారినవి ఉంటాయి. పుస్తకంలో ఉన్నది తెర మీద కనబడకపోవడం అరుదేమీ కాదు.

అటువంటి సందేహం ఉన్నప్పుడు నేరుగా వెళ్లవలసింది కార్పొరేషన్ ప్రధాన కార్యాలయానికే. విజయవాడలోనైనా, గాంధీ పార్కు దగ్గరి గుంటూరు కార్పొరేషన్‌లోనైనా జనన మరణాల పని ప్రజారోగ్య విభాగం కింద జరుగుతుంది. పాత పుస్తకాలను వెతకమని అడగగలిగేది అక్కడే. వెళ్లేముందు పుట్టిన తేదీ, ఆసుపత్రి పేరు, అప్పటి చిరునామా, తల్లిదండ్రుల పేర్లు అప్పట్లో ఎలా రాసేవారో ఒక కాగితం మీద రాసుకొని తీసుకువెళ్లండి. నెల కచ్చితంగా తెలిస్తే వెతకవలసిన పుటలు తగ్గుతాయి. అందరికీ ఈ దారి అవసరం లేదు. సచివాలయంలో అయ్యే పనికి ఇక్కడ వరుసలో నిలబడడం వల్ల మీ సమయమూ పోతుంది, నిజంగా వెతకవలసిన రికార్డు ఉన్నవారి వంతూ ఆలస్యమవుతుంది.

దళారుల దారి, వెబ్‌సైట్ల దారి కూడా ఉన్నాయని కొందరు చెబుతారు. కేంద్ర ప్రభుత్వ పౌర నమోదు పోర్టల్‌ను పోలిన నకిలీ వెబ్‌సైట్లలో డబ్బు తీసుకొని పత్రం తయారుచేసి ఇచ్చేవి పట్టుబడ్డాయి. అసలు ప్రభుత్వ చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉంటుంది. చేతికి వచ్చిన పత్రం మీద క్యూఆర్ కోడ్ ఉంటే అక్కడికక్కడే ఫోనుతో చదివించి, అది తెరిచే పేజీ కూడా ప్రభుత్వ చిరునామాదేనా అని చూడండి. నకిలీ పత్రాన్ని పాస్‌పోర్టుకో ఉద్యోగానికో పెడితే తయారుచేసినవాడి కంటే ముందు దొరికేది మీరే.

తప్పులు ఉంటే

ఇందులో రెండు రకాలున్నాయి. ఒక అక్షరం తారుమారు కావడం, రాసేవారి చేతిదోషం వంటివి రిజిస్ట్రారు తన స్థాయిలో విచారించి దిద్దగలరు. తల్లి పేరే వేరుగా ఉండడం, తేదీ తప్పుగా ఉండడం వంటి అసలు విషయానికి సంబంధించిన దోషాలకు మాత్రం, వాస్తవం తెలిసిన నమ్మదగిన వ్యక్తులిద్దరు తప్పు ఏమిటో, నిజం ఏమిటో తెలుపుతూ ఇచ్చే వాంగ్మూలం కావాలి. మా చెల్లెలి విషయంలో మా మేనమామ, కాన్పు సమయంలో తోడున్న పొరుగింటావిడ ఆ వాంగ్మూలం ఇచ్చారు. డిశ్చార్జి సమ్మరీ, తల్లి ఆధారు, పెళ్లి ధ్రువపత్రం జతచేశాము.

దిద్దుబాటు అంటే పాత అక్షరాలను కొట్టివేయడం కాదని నాకు అప్పుడే తెలిసింది. మొదట రాసినదాన్ని చట్టం ముట్టనివ్వదు. దాన్ని అలాగే ఉంచి, పక్క అంచున సవరణ రాసి, రిజిస్ట్రారు తేదీ వేసి సంతకం చేస్తారు. మా అమ్మ చెప్పిన ముద్దుపేరు ఆ వరుసలో ఇప్పటికీ ఉంది, దాని పక్కన చెల్లెలి అసలు పేరు ఉంది. ఆ పుట చూసినప్పుడు ఈ రిజిస్టరు మీద నాకు గౌరవం పెరిగింది. ఎవరో వచ్చి చెప్పగానే మారిపోయే పుస్తకమైతే దానికి విలువ ఎక్కడిది?

ఈ పనికి వాట్సాప్ దారి పనికిరాదు. సచివాలయంలో దరఖాస్తు పెట్టవచ్చు కానీ, అసలు కాగితాలతో రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లే రోజు ఒకటి తప్పకుండా ఉంటుందని లెక్కవేసుకోండి. ఆసుపత్రి పంపిన నివేదికలోనే తప్పు ఉంటే, తమ రికార్డు ప్రకారం సరైన వివరం ఇదని ఆసుపత్రి నుంచి లేఖ తీసుకువెళ్లడం వల్ల విచారణ తేలికవుతుంది. ఆసుపత్రి మూతపడకముందే ఈ లేఖ అడగడం మంచిది.

రిజిస్ట్రారు కాదన్నచోట ఆగిపోనక్కరలేదు. 2023 సవరణ తరువాత ఆ నిర్ణయం మీద 30 రోజులలోగా జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలు మీద 90 రోజులలోగా తేల్చాలి. అందుకే తిరస్కరణను నోటిమాటగా కాకుండా రాతలో ఇవ్వమని మర్యాదగా అడగండి. రాతలో లేనిదాని మీద అప్పీలు నిలవదు.

నమోదే లేకపోతే: ఆర్డీవో దారా, లభ్యతలేమి పత్రమా

21 రోజులు దాటి 30 రోజులలోపు అయితే ఆలస్య రుసుముతో రిజిస్ట్రారే నమోదు చేస్తారు. 30 రోజులు దాటి ఏడాదిలోపు అయితే నిర్దేశిత అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఇదివరకు దీనికి నోటరీ అఫిడవిట్ అడిగేవారు, సవరణ తరువాత స్వీయ ధ్రువీకరణ పత్రం సరిపోతుంది. ఏడాది దాటితే మాత్రం మెజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా నమోదు జరగదు. సవరణకు ముందు మొదటి తరగతి మెజిస్ట్రేటు అని ఉండేది. ఇప్పుడు కలెక్టరు, సబ్ డివిజినల్ మెజిస్ట్రేటు, కలెక్టరు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు ఈ ఉత్తర్వు ఇవ్వగలరు. మన దగ్గర సామాన్యంగా ఇది ఆర్డీవో కార్యాలయం పని.

క్రమం ఇలా ఉంటుంది. ముందుగా పుట్టిన చోటి మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి, రికార్డు వెతికామని, నమోదు లేదని తెలిపే పత్రం తీసుకోవాలి. ఇదే లభ్యతలేమి పత్రం, దీన్ని ఆఫీసుల్లో నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటారు. దానితో పాటు పదో తరగతి మార్కుల మెమో, రేషన్ కార్డు, స్వీయ అఫిడవిట్ జతచేసి మీసేవ లేదా సచివాలయం ద్వారా లేట్ రిజిస్ట్రేషన్ దరఖాస్తు పెట్టాలి. క్షేత్రస్థాయి విచారణ జరుగుతుంది. ఆ తరువాత ఆర్డీవో ఉత్తర్వు, దాన్ని చూసి రిజిస్ట్రారు నమోదు, చివరికి సర్టిఫికెట్. ఇందులో ఏ మెట్టూ దాటవేయడానికి వీలులేదు. పొరుగువారి ఎదుట జరిగే విచారణ కూడా అవసరమైనదే.

పెద్దవయసు వారు ఇక్కడ నిజంగా ఒక ఎంపిక చేసుకోవాలి. పుట్టిన తేదీకి, చోటికి జనన ధ్రువపత్రం ఒక్కటే ఆధారమన్న నియమం 2023 అక్టోబరు 1న, ఆ తరువాత పుట్టినవారికే వర్తిస్తుంది. బడి ప్రవేశం, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, వివాహ నమోదు, ప్రభుత్వ ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నిటికీ వారికి ఇదే మూలం. అంతకుముందు పుట్టినవారికి పాస్‌పోర్టు కోసం బడి ధ్రువపత్రం వంటి ఇతర ఆధారాలు చెల్లుతాయి. కనుక నలభై ఏళ్ల మనిషి మన దేశంలోని పని కోసమే అయితే, లేని నమోదును ఇప్పుడు సృష్టించుకోవడానికి ఆర్డీవో కార్యాలయం చుట్టూ తిరగవలసిన అవసరం చాలా సందర్భాల్లో ఉండదు. అడిగినవారు పదో తరగతి మెమో ఒప్పుకుంటారో లేదో ముందు కనుక్కోండి.

అమెరికాలో ఉన్న పిల్లలు గ్రీన్ కార్డు దరఖాస్తుకు సర్టిఫికెట్ కావాలని అడిగితే, లేదా తమ దగ్గరికి పిలిపించుకోవడానికి తల్లిదండ్రుల పత్రాలు అడిగితే, లెక్క కొంత మారుతుంది. మన జిల్లాల్లో ఈ అవసరం లేని వీధి లేదు. పుట్టిన చాలా ఏళ్ల తరువాత నమోదైన పత్రం ఒక్కదానితో అక్కడి అధికారులు తృప్తి పడకపోవచ్చు. నమోదు తేదీ చూసి బడి రికార్డు వంటి తోడు ఆధారం అడుగుతారు. మరోవైపు నమోదు లేదని తెలిపే పత్రం, దానికి తోడు పదో తరగతి సర్టిఫికెట్, పుట్టుక గురించి స్వయంగా తెలిసిన తల్లిదండ్రులు లేదా దగ్గరి బంధువుల అఫిడవిట్లు కలిపి ఇస్తే వాటిని ప్రత్యామ్నాయంగా పరిశీలిస్తారు. జనన మరణాల చట్టం చాలా రాష్ట్రాల్లో అమలులోకి వచ్చింది 1970 ఏప్రిల్ 1న కాబట్టి, అంతకుముందు పుట్టిన తల్లిదండ్రులకు నమోదు లేకపోవడం ఆశ్చర్యమని ఎవరూ అనుకోరు. నా అభిప్రాయంలో 1970కి ముందు పుట్టినవారికి లభ్యతలేమి పత్రం, అఫిడవిట్ల దారే సరైనది. 1980లలో, 1990లలో పుట్టినవారు కూడా ముందు లభ్యతలేమి పత్రం తీసుకోవాలి. అది రెండు దారులకూ పనికొస్తుంది. తరువాత సమయం ఉంటే లేట్ రిజిస్ట్రేషన్‌కు కూడా పెట్టుకోవచ్చు.

ఈ రెండు దారుల్లోనూ తేదీ దగ్గర జాగ్రత్త పడాలి. ఆ తరంలో చాలామందికి బడిలో వేసిన తేదీ ఒకటి, ఇంట్లో తిథి ప్రకారం గుర్తున్న తేదీ మరొకటి. ఆసుపత్రిలో పుట్టి ఉంటే రిజిస్టరులో అసలు తేదీతో నమోదు ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి నమోదు లేదని అనుకొని బడి తేదీతో అఫిడవిట్ రాయించే ముందు, అసలు తేదీ చెప్పి ఆ నెల పుటలు కూడా వెతికించండి. నమోదు దొరికితే ఆ తేదీని బడి తేదీకి తగినట్టు మార్పించాలని ప్రయత్నించవద్దు. రిజిస్టరు నిజమే రాసినప్పుడు దిద్దడానికి అక్కడ తప్పు లేదు. ఒకే మనిషికి రెండు తేదీలు ఉన్న సంగతిని దాచకుండా, ఎందుకు అలా జరిగిందో తెలిపే అఫిడవిట్‌తో రెండు పత్రాలనూ ఇవ్వడమే మేలు.

దరఖాస్తు పెట్టాక కదలిక లేకపోతే రసీదు మీది నంబరుతో సచివాలయంలో స్థితి చూపించుకోవచ్చు. అప్పటికీ తెలియకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు. అర్జీకి రసీదు ప్రతి, లభ్యతలేమి పత్రం ప్రతి జతచేయండి. సర్టిఫికెట్ చేతికి వచ్చిన రోజున దాని మీది నమోదు సంఖ్య, నమోదు తేదీ, ఇచ్చిన కార్యాలయం పేరు విడిగా ఒక చోట రాసిపెట్టుకోండి. కాగితం పోయినా, ఆ మూడు వివరాలు ఉంటే మళ్లీ ప్రతి తీయడానికి పుస్తకాలు వెతికించవలసిన పని ఉండదు.